తేటనుడి ఒక ధర్మం: వియత్నాం పాలనా పత్రాల పరిశీలన

తెలుగులో ‘శాసనం’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. రాతిమీదనో రాగిరేకుమీదనో చెక్కించిన దానపత్రమూ శాసనమే, చట్టసభ ఆమోదించిన నిబంధనల సముదాయమూ శాసనమే. ఈ రెండింటినీ కలిపే లక్షణం ఒకటి ఉంది. రాసినవాడు ఎదుట లేనప్పుడు కూడా అతని మాట చెల్లాలి. చదివేవాడికి సందేహం కలిగితే అడిగి తెలుసుకొనే అవకాశం లేదు. పూర్వపు లేఖకులకు ఈ సంగతి బాగా తెలుసు. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలు పలువాటిలో వంశప్రశస్తి సంస్కృతంలో సాగుతుంది, దానమిచ్చిన భూమి పొలిమేరల దగ్గరకు వచ్చేసరికి తెలుగు మాటలు ప్రవేశిస్తాయి. నేటి మధ్య వియత్నాం తీరంలో వర్ధిల్లిన చంపా రాజ్యంలోనూ ఇటువంటి సంప్రదాయమే కనిపిస్తుంది. ఆ రాజ్యంలోని ఒక ప్రాంతం పేరు అమరావతి కావడం తెలుగువారికి ఆసక్తి కలిగించే విషయం. అక్కడి ద్విభాషా శాసనాలలో పలుచోట్ల దేవతాస్తుతి, రాజస్తుతి సంస్కృతంలో ఉండగా, దేవాలయానికి చెందిన పొలాల వివరాలు స్థానికమైన చామ్ భాషలో ఉన్నాయి. స్తుతి అర్థం కాకపోయినా ఎవరికీ నష్టం లేదు. గట్టు ఎక్కడ ఉందో అర్థం కాకపోతే మాత్రం తగవు తప్పదు.

ఈ పాత వివేకంలో ఒక నైతిక ప్రశ్న దాగి ఉంది. పాలనా పత్రం తేటగా ఉండటం కేవలం శైలికి సంబంధించిన గుణమా, లేక ప్రజలపట్ల పాలకుడు నిర్వర్తించవలసిన ధర్మమా? అది గుణం మాత్రమే అయితే, ఉన్నచోట మెచ్చుకొని లేనిచోట సర్దుకుపోవచ్చు. ధర్మమే అయితే, అది లేకపోవడం అన్యాయమవుతుంది. ఈ ప్రశ్నను విచారించడానికి వియత్నాం అనుభవం ఎంతగానో తోడ్పడుతుంది. పాలనా భాషను కొద్ది తరాల వ్యవధిలోనే ఒకటికి రెండుసార్లు మార్చుకున్న దేశం అది. పైగా ఆ భాష వ్యాకరణ స్వభావం వల్ల, ఒక వాక్యంలోని చిన్న పదం ఎంపికలో కూడా రాసినవాని ఉద్దేశం బయటపడుతుంది.

క్రీస్తుశకం పదవ శతాబ్దంలో చైనా ఆధిపత్యం నుంచి బయటపడిన తరువాత కూడా వియత్నాం రాజాస్థానాలు తమ ఆజ్ఞలను చైనా అక్షరాలలోనే రాయించాయి. ప్రజలు మాట్లాడే భాషను రాయడానికి ‘నోమ్’ అనే లిపి పుట్టింది, అందులో గొప్ప కావ్యాలు వెలిశాయి. అయితే రాజపత్రంలో దానికి దొరికిన స్థానం స్వల్పం. పద్దెనిమిదవ శతాబ్దం చివర తాయ్ సోన్ వంశానికి చెందిన క్వాంగ్ త్రుంగ్ చక్రవర్తి నోమ్ లిపికి పరిపాలనలో గౌరవం కల్పించాడు. 1802లో న్గుయెన్ వంశం అధికారంలోకి రావడంతో చైనా భాష తిరిగి తన పీఠం ఎక్కింది. ఆ వంశపు రాజపత్రాలమీద చక్రవర్తులు ఎర్రసిరాతో స్వయంగా రాసిన ఆదేశాలు నేటికీ భద్రంగా ఉన్నాయి, 2017లో యునెస్కో ‘ప్రపంచ స్మృతి’ పట్టికలో వాటికి స్థానం లభించింది. అవి అమూల్యమైన చారిత్రక సంపద. కాని ఆ ఆదేశాలు ఎవరి జీవితాలను శాసించాయో, ఆ రైతులలో అత్యధికులు వాటిని చదవలేకపోయారు. గ్రామంలోని పండితుడు చదివి చెప్పినదే వారికి చట్టం.

ఫ్రెంచి పాలనలో పండితుని స్థానంలో దుబాసీ వచ్చాడు. అయితే ఆ కాలంలోనే మరొక సాధనం సిద్ధమయింది. పదిహేడవ శతాబ్దంలో క్రైస్తవ మతప్రచారకులు లాటిన్ అక్షరాలతో రూపొందించిన ‘క్వోక్ ఙూ’ లిపి క్రమంగా దేశమంతటా వ్యాపించింది. 1651లో రోమ్‌లో అలెగ్జాండర్ ద రోడ్స్ ప్రచురించిన నిఘంటువు ఆ లిపికి తొలి ఆధారం. 1865లో సైగాన్‌లో వెలువడిన తొలి క్వోక్ ఙూ పత్రిక ప్రభుత్వ ప్రకటనల కోసం పుట్టినదే కావడం గమనించదగినది. చైనా విద్య ఆధారంగా అధికారులను ఎన్నుకొనే పరీక్షలు 1919లో ముగిశాయి. 1945 సెప్టెంబరు 2న స్వాతంత్ర్య ప్రకటన వియత్నామీ భాషలో జరిగింది. ఆరు రోజులకే, సెప్టెంబరు 8న, ప్రజలందరూ చదవడం, రాయడం నేర్చుకోవాలని నూతన ప్రభుత్వం ఆదేశించింది. నాటికి నూటికి తొంభైమందికి పైగా నిరక్షరాస్యులు. రాజ్యం తన మాటను ప్రజల భాషలోకి దించుకోవడం, ప్రజలను ఆ అక్షరం దగ్గరకు తీసుకువెళ్లడం ఒకే వారంలో తలపెట్టిన పనులు కావడం యాదృచ్ఛికం కాదు.

భాష మారినంతమాత్రాన తేటదనం రాదని అక్కడివారు త్వరలోనే గ్రహించారు. 1947లో హో చి మిన్ మారుపేరుతో రాసిన ఒక చిన్న పుస్తకంలో ఉద్యోగుల, కార్యకర్తల పనితీరును విమర్శిస్తూ, వారి రాతలోని సాగతీతను, అర్థం తెలియకుండానే పెద్దపెద్ద చైనా పదాలను వాడే మోజును కూడా ఎత్తిచూపారు. 1966లో ప్రధానమంత్రి ఫామ్ వాన్ డోంగ్ వియత్నామీ భాష స్వచ్ఛతను కాపాడుకోవాలని ఒక వ్యాసం రాశారు. అందులోని కీలకమైన మాట ‘త్రోంగ్ సాంగ్’. త్రోంగ్ అంటే అడుగు కనిపించే నీటి తేటదనం, సాంగ్ అంటే వెలుగు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం చేసుకున్న సంవత్సరం కూడా 1966 కావడం విశేషం. ఎక్కడైనా భాషకు అధికార హోదా ఇవ్వడం ఒక్క చట్టంతో అయ్యే పని, ఆ హోదాకు తగిన వాక్యం రాయడం నిత్యం చేయవలసిన పని.

వియత్నాం ఆ రెండవ పనికి నియమాలను ఏర్పరచుకుంది. శాసన పత్రాల జారీ గురించిన 2015 నాటి చట్టం భాష కచ్చితంగా, సర్వసామాన్యంగా ఉండాలని, చెప్పే తీరు స్పష్టంగా, సులభగ్రాహ్యంగా ఉండాలని విధించింది. ఆ చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. కార్యాలయ లేఖన వ్యవహారాలపై 2020 మార్చిలో వెలువడిన 30వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు పాలనా పత్రాలను 29 రకాలుగా వర్గీకరించింది. తీర్మానం, నిర్ణయం, ఆదేశం, ప్రకటన, నివేదిక, సమావేశ వివరణ, అధికారిక లేఖ మొదలైనవి ఆ రకాలు. పత్రం తలపై జాతి పేరు, దాని కింద ‘స్వాతంత్ర్యం, స్వేచ్ఛ, ఆనందం’ అనే నినాదం, జారీచేసిన సంస్థ, సంఖ్య, స్థలం, తేదీ, పత్రం రకం, ఒకటి రెండు పంక్తుల విషయసంగ్రహం ఎక్కడెక్కడ ఉండాలో, అక్షరం పరిమాణం ఎంత ఉండాలో కూడా అందులో ఉంది. ఇంత వివరం చాదస్తంగా కనిపించవచ్చు. కాని పత్రం చేతికి అందగానే ఇది ఆజ్ఞా, అభ్యర్థనా, సమాచారమా అని తెలియడం పౌరునికి మొదటి అవసరం. ఆజ్ఞ అయితే పాటించాలి, అభ్యర్థన అయితే ఆలోచించుకోవచ్చు. ఆ భేదం తెలియని చోట ప్రతి కాగితమూ భయపెడుతుంది.

నిర్ణయపత్రం లోపలి కట్టుబడి కూడా పరిశీలించదగినది. ముందు ‘కాన్ కూ’ అనే మాటతో మొదలయ్యే పంక్తులు వరుసగా వస్తాయి. ‘దీని ఆధారంగా’ అని ఆ మాటకు అర్థం. ఏ చట్టం, ఏ ఉత్తర్వు ఈ నిర్ణయానికి అధికారమిస్తున్నదో ఒక్కొక్క పంక్తిలో చెప్పి, తరువాత ఎవరి ప్రతిపాదనపై అన్నది చెప్పి, ఆపైన ‘నిర్ణయించడమైనది’ అనే మాటను పెద్ద అక్షరాలతో ఉంచుతారు. దాని కింద అధికరణలు, వాటిలో అంకెలతో ఖండాలు, ఖండాలలో అక్షరాలతో అంశాలు ఉంటాయి. అధికారం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పిన తరువాతనే అధికారం మాట్లాడాలన్నది ఈ క్రమంలోని నీతి. వాక్యాలను కలిపే పద్ధతి కూడా సాహిత్యంలోని పద్ధతికి భిన్నమైనది. కథలో ఒకే నామవాచకం పదేపదే వస్తే విసుగు, పాలనా పత్రంలో అదే గుణం. సర్వనామం వాడితే ‘అతడు’ ఎవరన్న సందేహం వస్తుంది కనుక ‘దరఖాస్తుదారు’ అన్న మాటనే ప్రతిసారీ రాస్తారు. ‘పైన చెప్పిన విధంగా’ అని వదిలేయక ‘ఈ అధికరణలోని 2వ ఖండంలో చెప్పిన విధంగా’ అని చూపుతారు. పొందిక అంటే ఇక్కడ సొగసు కాదు, చదివేవాడు దారి తప్పకుండా నాటిన గుర్తులు.

అయితే నమూనాలు ఎన్ని ఉన్నా వాక్యం లోపలికి వెళ్లినప్పుడే అసలు పరీక్ష ఎదురవుతుంది. తెలుగు క్రియ తన కర్తను వెంటబెట్టుకొని వస్తుంది. ‘చేశాడు’, ‘చేశాము’, ‘చేస్తారు’ అన్న రూపాలలో కర్త పేరు లేకున్నా అతని జాడ ఉంటుంది. వియత్నామీ క్రియకు ఆ ప్రత్యయాలు లేవు. పురుషను బట్టి, వచనాన్ని బట్టి, కాలాన్ని బట్టి అది మారదు. కాలాన్ని చెప్పాలంటే వేరే పదం చేర్చాలి, కర్తను చెప్పాలంటే పేరు రాయాలి. కర్తను వదిలేసినా వాక్యం నిలబడుతుంది. ‘తనిఖీని పటిష్ఠం చేయవలసి ఉంది’ అన్న అర్థమిచ్చే వియత్నామీ వాక్యంలో వ్యాకరణ దోషం ఏమీ లేదు. చేయవలసినవాడు మాత్రం అందులో లేడు. ‘బాధ్యతగల కార్యాలయాలు’ అనే పదబంధం కూడా అక్కడి నివేదికలలో తరచు కనిపిస్తుంది. ఏ కార్యాలయమని అడిగితే సమాధానం ఉండదు. తెలుగు పాఠకులు దీనిని చూసి తృప్తిపడనక్కరలేదు. కర్తను మోసే క్రియ ఉండి కూడా ‘తగు చర్యలు తీసుకొనబడును’ అని రాసి ఆ కర్తను దాచే విద్యను తెలుగు కార్యాలయాలు అభ్యసించాయి. ‘సంబంధిత అధికారులు’ అన్న మాట ఆ విద్యకు పరాకాష్ఠ. భాష స్వభావం ఏదైనా, దాచాలనుకున్నవాడికి దారి దొరుకుతుంది.

ఇక్కడ ఒక తాత్త్విక విషయం తేలుతుంది. కర్తను చెప్పమని భాష బలవంతపెట్టనప్పుడు, చెప్పడం పూర్తిగా రాసినవాని నైతిక నిర్ణయమవుతుంది. వ్యాకరణం విధించని బాధ్యతను మనస్సాక్షి విధించాలి. వియత్నాం నియమాలు ఈ లోటును పత్రం చివర కొంతవరకు పూరించాయి. సంతకం చేసే అధికారి తన పేరుకు ముందు ఏ హోదాలో సంతకం చేస్తున్నాడో సంక్షిప్తాక్షరాలతో తెలపాలి. ఒక సమష్టి సంస్థ తరఫునా, ప్రధానాధికారికి బదులుగా ఉపాధికారిగానా, ఆయన ఆజ్ఞ మేరకా, ఆయన ఇచ్చిన అధికారపత్రం మేరకా అన్నది దీనివల్ల తెలుస్తుంది. ఎడమవైపు కింద ఈ పత్రం ఎవరెవరికి పంపారో జాబితా ఉంటుంది. వాక్యంలో కర్త తప్పించుకోగలిగినా సంతకం దగ్గర దొరికిపోతాడు.

బహువచనంలోనూ ఇటువంటి సూక్ష్మం ఉంది. వియత్నామీలో నామవాచకానికి ముందు ‘కాక్’ చేరిస్తే ఒక సముదాయంలోని వారందరూ అన్న అర్థం వస్తుంది. ‘ఞుంగ్’ చేరిస్తే అందులో కొందరు, ఒక ప్రత్యేక లక్షణం గలవారు అన్న ధ్వని వస్తుంది. పేద కుటుంబాలకు సహాయం గురించిన పత్రంలో మొదటి పదం వాడితే ఆ జాబితాలోని ఇళ్లన్నీ లోపలికి వస్తాయి. రెండవది వాడితే ‘ఏ పేద కుటుంబాలు?’ అన్న ప్రశ్న పుడుతుంది, ఆ ప్రశ్నకు సమాధానం కూడా పత్రమే చెప్పాలి. చెప్పకపోతే గ్రామంలో ఎవరో చెబుతారు. అలా చెప్పేవానికి కొత్తగా అధికారం సంక్రమిస్తుంది. ఒక్క చిన్న పదం బియ్యం బస్తాను ఒక ఇంటి గుమ్మం నుంచి మరో ఇంటి గుమ్మానికి మళ్లించగలదు.

కర్మణి ప్రయోగానికి ఆ భాషలో రెండు పదాలుండటం మరింత ఆలోచింపజేస్తుంది. మేలు కలిగినప్పుడు ‘డువోక్’, కీడు కలిగినప్పుడు ‘బి’ వాడటం సాధారణం. బహుమతి పొందినవానికి మొదటిది, జరిమానా పడినవానికి రెండవది. అంటే జరిగిన సంగతి చెప్పేటప్పుడే అది మంచో చెడో కూడా భాష చెప్పేస్తుంది. పైగా ‘డువోక్’ అన్న పదానికే అనుమతి అన్న అర్థం కూడా ఉంది. రోడ్డు వెడల్పు కోసం ఇల్లు కోల్పోతున్న కుటుంబం గురించి రాసేటప్పుడు అధికారి ఏ పదం ఎన్నుకోవాలి? నష్టపరిహారం వైపు నుంచి చూస్తే ఒకటి, నేలమట్టమవుతున్న ఇంటి వైపు నుంచి చూస్తే మరొకటి. పునరావాసం ‘లభిస్తున్నది’ అన్నమాటతో పాటు భూమి ‘పోతున్నది’ అన్నమాట కూడా ఉన్నప్పుడే ఆ పత్రం నిజం చెప్పినట్టు. తేటదనానికి సత్యంతో ఉన్న సంబంధం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ప్రతి పదమూ అర్థమయ్యే వాక్యం కూడా అసత్యం చెప్పగలదు. అటువంటి వాక్యాన్ని తేటనుడి అనడానికి వీల్లేదు.

సంబోధన విషయంలో వియత్నాం సమాజం తెలుగు సమాజానికి చాలా దగ్గర. అక్కడ ‘నేను’, ‘నీవు’ అన్న తటస్థ పదాలతో మాటలు సాగవు. అన్న, అక్క, తమ్ముడు, బాబాయి, తాత అన్న వరుసలతోనే మాట్లాడతారు. హో చి మిన్‌ను కూడా జాతి యావత్తూ పెదనాన్న వరుసతోనే పిలిచింది. గ్రామ కార్యాలయంలో వృద్ధుడైన దరఖాస్తుదారును గుమాస్తా నోరారా వరుసపెట్టి పలకరిస్తాడు. అదే గుమాస్తా కాగితంమీదికి వచ్చేసరికి ‘పౌరుడు’, ‘దరఖాస్తుదారు’ అని రాస్తాడు. ఇది నిర్దయ కాదు. వరుస ఉన్నచోట దగ్గరివాడు, దూరపువాడు అన్న తేడా ఉంటుంది. కాగితానికి బంధువులు లేరు, అందుకే దానిముందు అందరూ సమానులు కాగలరు. అయినా ఆ సమానత్వం పూర్తిగా వేరులేనిది కాదు. అధికారిక లేఖలలో మర్యాదకు వాడే ‘ఓంగ్’, ‘బా’ అన్న మాటలకు మూలార్థాలు తాత, అవ్వ. పౌరుణ్ణి గౌరవించడానికి ఆ భాష ఇంటిలోని పెద్దలనే తలచుకుంది.

పదసంపద దగ్గర ఒక చిక్కు వస్తుంది. సర్వసామాన్యమైన మాట, కచ్చితమైన మాట ఎప్పుడూ ఒకటి కావు. వియత్నామీలో చైనా మూలం గల పదాలు సంస్కృత పదాలు తెలుగులో ఉన్నంత సహజంగా కలిసిపోయాయి, కాని వాటిని గుర్తించడానికి తోడ్పడిన చైనా అక్షరాలు ఇప్పుడు వాడుకలో లేవు. ‘యెవు డియెమ్’ అంటే చైనా క్రమంలో ‘ముఖ్యమైన చోటు’. ‘డియెమ్ యెవు’ అంటే వియత్నామీ క్రమంలో ‘బలహీనమైన చోటు’. రెండు పదాలలోనూ శబ్దాలు అవే, క్రమం మాత్రమే తారుమారు. ఫలితంగా మొదటిదాన్ని రెండవదాని అర్థంలో వాడే పొరపాటు చదువుకున్నవారిలో కూడా కనిపిస్తుంది. ఒక గ్రామం గురించిన నివేదికలో ఈ పొరపాటు దొర్లితే దాని బలం కాస్తా లోపంగా మారిపోతుంది. వాడుక మాటకు పెద్దపీట వేయాలన్న వాదానికి ఇది బలమైన సాక్ష్యం.

దీనికి ఎదురుగా మరో సాక్ష్యం ఉంది. వియత్నాంలో భూమి ప్రజలందరి ఉమ్మడి ఆస్తి, ప్రజల తరఫున రాజ్యం దానిని నిర్వహిస్తుంది. రైతుకు ఉండేది వినియోగించుకొనే హక్కు. 1993 భూమి చట్టం ఆ హక్కును మార్పిడి చేసుకోవడానికి, బదిలీ చేయడానికి, కౌలుకివ్వడానికి, వారసత్వంగా ఇవ్వడానికి, తాకట్టు పెట్టడానికి వీలు కల్పించింది. ఆ చట్టం కింద దానికి సంబంధించిన పత్రానికి ఉండిన పేరు ‘భూమి వినియోగ హక్కు ధ్రువీకరణ పత్రం’. జనం దానిని ‘సో డో’ అంటారు, అంటే ఎర్ర పుస్తకం. అట్ట రంగును బట్టి వచ్చిన ఆ పేరు రెండు అక్షరాలతో పలుకుతుంది, పసివాడికి కూడా అర్థమవుతుంది. కాని హక్కు దేనిమీదో, ఎంతవరకో అది చెప్పదు. ఎర్ర పుస్తకం చేతిలో ఉన్నవాడు భూమే తనదని అనుకోవచ్చు, పొడవైన పేరు అలా అనుకోనివ్వదు. కనుక సులభమైనదల్లా స్పష్టమైనది కాదు. ఉత్తమమైన అధికారి పొడవైన పేరును పత్రంలో ఉంచి, ఎర్ర పుస్తకం అన్న మాటతో దానిని నోటితో వివరిస్తాడు. పట్టా, దస్తావేజు వంటి మాటలను ప్రజల నోట విన్న తెలుగువారికి ఈ విషయం కొత్త కాదు.

తేటదనానికి వ్యతిరేకంగా వినిపించే ఒక వాదాన్ని న్యాయంగా పరిశీలించాలి. నిబంధనలో కొంత అస్పష్టత ఉంటే స్థానిక అధికారి సందర్భాన్ని బట్టి దయ చూపగలడని, అన్నీ బిగించి రాస్తే ఆ దయకు చోటుండదని కొందరంటారు. ఇందులో నిజం లేకపోలేదు. జీవితం నిబంధనకన్నా విశాలమైనది. అయితే విచక్షణ వేరు, అస్పష్టత వేరు. ‘ఫలానా అధికారి పరిస్థితిని బట్టి గడువు పొడిగించవచ్చు’ అన్న వాక్యంలో విచక్షణ ఉంది. అది ఎవరిదో, ఎంతవరకో తెలుస్తుంది, కాదంటే అడగవచ్చు. ‘తగిన సందర్భాలలో గడువు పరిశీలించబడును’ అన్నదానిలో దయ ఉందో లేదో ఎవరికీ తెలియదు. అక్కడ పౌరుడు హక్కును కోరడు, అనుగ్రహాన్ని అర్థిస్తాడు. అస్పష్టత దయకు అవకాశమిస్తుందన్న మాట నిజమే, కాని అది లంచానికీ అంతే అవకాశమిస్తుంది.

మరొక పరిమితిని కూడా అంగీకరించాలి. వియత్నాంలో 54 జాతులున్నాయి. 2013 రాజ్యాంగం వియత్నామీని జాతీయ భాషగా ప్రకటిస్తూనే, ప్రతి జాతికీ తన భాషను, లిపిని వాడుకొనే హక్కు ఉందని చెప్పింది. ఉత్తరాది కొండలలోని హ్మోంగ్ వృద్ధురాలికి ఎంత తేటైన వియత్నామీ వాక్యమైనా ఒకనాటి రైతుకు చైనా అక్షరం ఎలా ఉండేదో అలాగే ఉండవచ్చు. నేరవిచారణలో తన భాషలో మాట్లాడే హక్కు, దుబాసీ సౌకర్యం చట్టంలో ఉన్నాయి, జాతుల భాషలలో ప్రభుత్వ రేడియో ప్రసారాలు కూడా ఉన్నాయి. అయినా తేటదనం రాసినవాని దగ్గర ముగియదని, చదివేవాని దగ్గర పూర్తవుతుందని ఆ వృద్ధురాలు గుర్తుచేస్తుంది. ‘స్పష్టంగా రాశాము’ అన్న సమాధానం ‘ఎవరికి స్పష్టంగా?’ అన్న ప్రశ్నను తప్పించుకోలేదు.

2025 జూలై 1 నుంచి వియత్నాం జిల్లా స్థాయి పాలనను తొలగించింది. రాష్ట్రస్థాయి విభాగాలు 63 నుంచి 34కు తగ్గాయి. గ్రామ, వార్డు స్థాయి విభాగాలను 3,321గా కుదించి, పూర్వం జిల్లాలో జరిగిన పనులలో పెద్దభాగాన్ని వాటికి అప్పగించారు. అంటే ఇప్పుడు సామాన్యునికి రాజ్యం మాట వినిపించేది ఎక్కువగా స్థానిక కార్యాలయపు కాగితంలోనే. ఆ కాగితాన్ని తయారుచేసే ఉద్యోగి ముందు వ్యాకరణ గ్రంథం ఉండకపోవచ్చు, నమూనా పత్రం మాత్రం ఉంటుంది. నమూనా తల, తోక ఇవ్వగలదు. మధ్యలో ఎవరు చేయాలి, ఎవరికి వర్తిస్తుంది, ఎప్పటిలోగా, కాకపోతే ఎక్కడ చెప్పుకోవాలి అన్న నాలుగు మాటలు అతడే రాయాలి. పత్రం అందుకున్న మనిషి ఇంటికి వెళ్లి, మరొకరి సాయం లేకుండా ఆ నాలుగింటినీ తన ఇంటివారికి చెప్పగలిగితే ఆ ఉద్యోగి తన ధర్మాన్ని నెరవేర్చినట్టు. చెప్పలేకపోతే, పత్రంలో దోషమేదీ కనిపించకపోయినా, పొలిమేర ఎక్కడుందో చెప్పకుండా ప్రశస్తితోనే ముగిసిన శాసనంగా అది మిగిలిపోతుంది.